నాన్న బూట్లకు మళ్లీ మెరుపు

సింగపూర్‌లో తోలు వస్తువులకు పెద్ద శత్రువు తేమ. వాన లేని రోజున కూడా తెల్లవారుజామున గాలిలో తేమ 90 శాతం దాటుతుంది. మధ్యాహ్నానికి 60 శాతం దగ్గరికి దిగి, మళ్లీ పెరుగుతుంది. పెళ్లికో ఇంటర్వ్యూకో కొని అలమరాలో దాచిన బూట్లకు బూజు పట్టడం ఇక్కడి తెలుగు ఇళ్లలో మామూలే. పడేసే ముందు ఒక్కసారి వాటిని తిరగేసి అడుగు చూడండి.

పాలీయురేథేన్ సోలు అయితే ఆశ వదులుకోవచ్చు. తేమకు అది లోలోపలే విడిపోయి, వాడకపోయినా పొడిపొడిగా రాలుతుంది. చుట్టూ తోలు పట్టీ పెట్టి కుట్టిన 'వెల్ట్' బూట్లయితే వేరు. పైతోలును ముట్టుకోకుండా సోలు మార్చవచ్చు. అందుకే అవి దశాబ్దాలు నిలుస్తాయి.

నాకీ సంగతులు తెలిసింది నాన్న బూట్ల వల్ల. 1970ల్లో లెక్చరర్ ఉద్యోగంలో చేరినప్పుడు ఆయన కొనుక్కున్న నల్ల లేసు బూట్లవి. ఆయన పోయాక తెనాలి ఇల్లు సర్దుతుంటే అటక మీద దొరికాయి. "పోయినవాళ్ల చెప్పులు ఇంట్లో ఉంచకూడదురా, ఎవరికైనా ఇచ్చెయ్" అంది అమ్మ. ఆ స్థితిలో ఎవరికిచ్చినా అవమానమే. ముందు బాగుచేస్తానని చెప్పి తెచ్చుకున్నాను.

ఓపికే అసలు మందు

బూజును ఆరుబయట పొడి బ్రష్షుతో దులపాలి, ఇంట్లో దులిపితే మిగతా జతలకూ అంటుకుంటుంది. తర్వాత తడిగుడ్డ, శాడిల్ సబ్బుతో తుడిచి నీడన ఆరబెట్టాలి. ఎండలో పెడితే తోలు బిగుసుకుపోతుంది. ఎండిన తోలును వంచితే పగులుతుంది కాబట్టి, తొడిగి చూసే ముందే కండిషనర్ పలచగా రాసి ఒక రాత్రి వదిలేయాలి. అవసరమైతే మర్నాడు మరో పూత. పగిలిన చోట తోలు మళ్లీ అతుక్కోదు, పగులు కనిపించకుండా చేయగలం, అంతే.

రంగు కోసం క్రీము, మెరుపు కోసం మైనం పాలిష్. ముక్కు మీద, మడమ మీద మాత్రమే ఒక్కో నీటిచుక్కతో గుండ్రంగా రుద్దితే అద్దంలా మెరుస్తుంది. నడిచేటప్పుడు ముడతపడే చోట మందంగా రాస్తే మైనం పగిలి రాలుతుంది. అరిగిన మడమలు మాత్రం చైనాటౌన్‌లో చెప్పులు కుట్టే ఒక అంకుల్ మార్చారు.

తోలు వెనక మనవాడు

తెనాలి దగ్గరి యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసి, చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థకు డైరెక్టరయ్యారు. 1985 జూన్ 23న కనిష్క విమానం పేలుడులో కన్నుమూశారు. మనం పండగకు కోసే తంగేడు చెట్టు బెరడుతోనే దక్షిణాదిలో తోళ్లు పదును చేసేవారు. ఈ విషయాలు చెప్పాక మా పిల్లలు బ్రష్షు పట్టుకున్నారు.

బాగుచేశాక ఫొటో పంపాను. "మీ నాన్న వేసుకున్న రోజుల్లో కూడా ఇంత మెరవలేదురా" అంది అమ్మ. ఎవరికైనా ఇచ్చెయ్యమని మళ్లీ అనలేదు.

మీ ఇంట్లోనూ ఇలాంటి జత ఉంటే ప్లాస్టిక్ సంచిలో కట్టిపెట్టకండి. లోపల చెక్క అచ్చు పెట్టి, గాలి తగిలేచోట ఉంచండి. ఒకసారి వేసుకున్నాక ఒకరోజు విశ్రాంతినివ్వండి. నెలకోసారి బయటికి తీసి బ్రష్షు చేస్తే చాలు.