ప్రాచీన పాఠపరిష్కరణలో రంగుల గుర్తింపు: రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల వినియోగం

సారాంశం: కంప్యూటరీకరించిన కావ్యపాఠాలలో అరసున్న, శకటరేఫలు జారిపోతే అర్థం మారుతుంది. వాటిని టెక్స్ట్ ఎడిటర్‌లో రంగులతో గుర్తించే నమూనాల నిర్మాణాన్ని, పరిమితులను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: పాఠపరిష్కరణ, అరసున్న, శకటరేఫ, యూనికోడ్, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్.

1. ఉపోద్ఘాతం

కృష్ణాతీరంలోని శ్రీకాకుళాంధ్రవిష్ణువు ‘ఆముక్తమాల్యద’ అవతారికలో కృష్ణదేవరాయలకు కలలో సాక్షాత్కరిస్తాడు. అటువంటి కావ్యాన్ని టైపు చేసేటప్పుడు ‘ఏఁడు’లోని అరసున్న జారితే సంవత్సరం కాస్తా సంఖ్య అవుతుంది, ‘కఱి’ని ‘కరి’గా కొడితే నలుపు ఏనుగవుతుంది. ఆ పొరపాటు పదసూచికలకూ, సిద్ధాంతవ్యాసాలకూ సంక్రమిస్తుంది.

2. నమూనా – అక్షరం

రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటే అక్షరక్రమాన్ని వర్ణించే సూత్రం. 1956లో స్టీఫెన్ క్లీనీ ప్రచురించిన గణితభావనను కెన్ థాంప్సన్ 1968లో పాఠాన్వేషణకు అన్వయించాడు. విజువల్ స్టూడియో కోడ్ వంటి ఎడిటర్‌లో ఇటువంటి సూత్రాలతో సొంత నియమావళిని రాసుకోవచ్చు. ప్రతి నియమానికీ ఒక నమూనా, ఒక పేరు ఉంటాయి. ఆ పేరునుబట్టి రంగు పడుతుంది.

అయితే మనం ఒక్క అక్షరంగా చదివే ‘క్ష’ యూనికోడ్‌లో మూడు సంకేతాలు: క, పొల్లు, ష. కాబట్టి అరసున్నకు మాత్రమే రంగు వేయక, దాన్ని ధరించిన పూర్తి అక్షరాన్ని పట్టుకోవాలి:

([అ-ఔ]|[క-హ](్[క-హ])*[ా-ౌ]?)ఁ

అచ్చుగానీ, ఒత్తులతో గుణింతంతో కూడిన హల్లుగానీ అరసున్నకు ముందుండాలని దీని భావం. శకటరేఫకు నమూనా ఇది:

([క-హ]్)*ఱ(్[క-హ])*[ా-ౌ]?

‘ఎఱుఁగు’లో ఈ రెండూ ఒకే అక్షరం మీద కలుస్తాయి. ఒకేచోట మొదలయ్యే నమూనాలలో వరుసలో ముందున్నదే చెల్లుతుంది. అందువల్ల శకటరేఫ నమూనా చివర అరసున్న చేర్చిన మూడో నియమాన్ని అన్నింటికంటె ముందుంచాలి.

3. లేనిదాన్ని చూపడం

పై నియమాలు ఉన్న గుర్తులనే చూపుతాయి. పరిష్కర్తకు ముఖ్యం జారిపోయినవి. అందుకు అనుమానపదాల జాబితాకు వేరే రంగు ఇవ్వాలి. ఉదాహరణకు:

ఏడు(?![క-హ])

తరువాత హల్లు ఉండరాదన్న షరతువల్ల ‘ఏడుపు’, ‘ఏడుగురు’ తప్పుకొంటాయి. మిగిలిన ‘ఏడు’ సంఖ్యో, సంవత్సరమో తేల్చవలసింది సందర్భమే.

4. పరిమితులు

ఈ నియమావళిలో ఒక నమూనా ఒక పంక్తిని దాటి చూడలేదు. నాలుగు పాదాల ద్వితీయాక్షరాలను పోల్చవలసిన ప్రాసను అది పరీక్షించలేదు. ర, ఱల ప్రాససాంకర్యాన్ని పరిశీలించాలంటే ప్రత్యేక ప్రోగ్రామ్ అవసరం.

5. ముగింపు

రంగు పాఠనిర్ణయం చేయదు. ఎక్కడ ఆగి మూలప్రతిని చూడాలో చెబుతుంది. ప్రతి కావ్యానికీ తయారయ్యే అనుమానపదాల జాబితాను పాఠంతోపాటు భద్రపరచి అందిస్తే, తరువాతి పరిశోధకుడు పరిష్కర్త నిర్ణయాలను తిరిగి పరీక్షించగలుగుతాడు.