ఓడకు ముందు పుట్టే ఓడ

అనంతపురం జిల్లా యాడికి చుట్టుపక్కల ఉన్న సున్నపురాయి ఒకనాటి సముద్రపు అడుగు. సిమెంటు ఫ్యాక్టరీల కోసం తవ్వుతున్న ఆ రాయి, తాడిపత్రిలో కోసి పాలిష్ పట్టే నాపబండ, రెండూ కోట్ల ఏళ్ళ కిందట లోతులేని నీటిలో పొర మీద పొరగా పేరుకున్నవే. అప్పటికి భూమ్మీద చేప కూడా పుట్టలేదు, ఇక ఓడ మాట దేవుడెరుగు. ఇవాళ చూస్తే సముద్రం ఇక్కడికి రెండు వందల కిలోమీటర్ల పైమాట. జిల్లాలో ఏడాది వానంతా కలిపినా సగటున 550 మిల్లీమీటర్ల దగ్గరే ఆగుతుంది. ఇలాంటి చోట బల్ల మీద తెరచాప ఓడ కట్టడమేమిటని ఎవరైనా నవ్వితే తప్పు పట్టలేం. కాకపోతే అట్టపెట్టెలో విడిభాగాల కిట్‌గా వచ్చే ఈ కొయ్య ఓడకు సముద్రం దూరపు చుట్టమే. దగ్గరి చుట్టం వడ్రంగి కొట్టం. అది బొమ్మల అంగట్లో పుట్టలేదు, ఓడలు కట్టే చోట పనిముట్టుగా పుట్టింది.

చిన్న ఓడలు చేసే అలవాటు చాలా పాతది. ఈజిప్టులో మెకెత్రె అనే పెద్ద అధికారి సమాధిలో నాలుగు వేల ఏళ్ళ నాటి కొయ్య పడవలు బయటపడ్డాయి, తెడ్లు వేసే మనుషులతో సహా. అవి చనిపోయినవాడి పరలోక ప్రయాణానికి. యూరపులో నావికులు మొక్కు తీర్చుకోవడానికి చర్చిలో చిన్న ఓడను వేలాడదీసేవారు. ఇవన్నీ భక్తికి సంబంధించినవి. కొలతతో చేసిన నమూనా కథ 17వ శతాబ్దపు ఇంగ్లండులో ఊపందుకుంది. నౌకాదళం ఓడలకు అడుగుకు పావు అంగుళం చొప్పున, అంటే 48వ వంతు కొలతలో నమూనాలు చేసేవారు. వాటి కింది భాగానికి పలకలు కొట్టకుండా వదిలేసేవారు, లోపలి చట్రాలు కనపడాలని. కొన్ని ఓడ కంటే ముందు, కొన్ని తర్వాత తయారయ్యాయి. దినచర్య రాసి పేరు పొందిన శామ్యూల్ పీప్స్ నౌకాదళ కార్యాలయంలో పనిచేసినవాడు, ఈ నమూనాలంటే ప్రాణం పెట్టేవాడు.

అయితే నమూనాకు అసలైన ఉద్యోగం దొరికింది అమెరికాలో అని నా లెక్క. న్యూబరీపోర్టులో ఓర్లాండో మెర్రిల్ అనే ఓడల మేస్త్రీ 1794లో చేసినట్టు చెప్పే ‘సగం ఓడ’ ఇందుకు ఉదాహరణ. ఓడకు కుడి ఎడమలు ఒకటే కాబట్టి సగం చెక్కితే చాలు. అతను ఒకే దిమ్మను చెక్కలేదు. పలుచని చెక్కలను ఒకదాని మీద ఒకటి పేర్చి, చీలలతో బిగించి, ఆ దొంతరను ఓడ పక్క ఆకారంలో చెక్కాడు. కంటితో చూసి, వేలితో తడిమి, ఎక్కడ వంపు తేడాగా ఉందో అక్కడ చిత్రిక పట్టాడు. నచ్చాక చీలలు పీకితే ప్రతి చెక్క అంచూ నీటికి సమాంతరంగా ఓడను కోస్తే వచ్చే గీత అవుతుంది. ఆ గీతను కాగితం మీద దింపి, కొలతను 48 రెట్లో మరో లెక్కలోనో పెంచి, పెద్ద కొట్టం నేల మీద సుద్దముక్కతో నిండు సైజులో గీసేవారు. ఆ గీత ప్రకారం దూలాలు కోసేవారు. లెక్క వేయడం రాని వడ్రంగి తన చేతి తెలివిని లెక్కగా మార్చుకున్న పద్ధతి ఇది. నేటి కిట్‌లో ఇదే పని తలకిందులుగా జరుగుతుంది. గీత ముందు ఉంటుంది, దాని నుంచి కొయ్య వస్తుంది.

మరి మన తీరం సంగతి? శాతవాహన యజ్ఞశ్రీ శాతకర్ణి సీసపు నాణేల మీద రెండు తెరచాప కొయ్యలున్న ఓడ ఉంది. 17వ శతాబ్దంలో నరసాపురం, మాధవాయపాలెం దగ్గర ఇంగ్లీషు వర్తకులు ఓడలు కట్టించుకునేవారు. కలప, ఇనుము, పనివాళ్ళు అన్నీ అక్కడే దొరికేవి. ఆ తర్వాతి పేరు కోరంగి. 1789లోనూ 1839లోనూ తుఫాను ఉప్పెనలు ఆ రేవును ఊడ్చేశాయి. అయినా దాని పేరు ఎంత పాకిందంటే, బర్మాలో తెలుగు కూలీలందరినీ కోరంగీలనే పిలిచారు. ఈ ఓడలు కట్టిన వడ్రంగులు ప్లాను గీయలేదు, సగం ఓడా చెక్కలేదు. అడుగు దుంగ పొడవు ఇంత అయితే నడిమి వెడల్పు ఇంత అనే నిష్పత్తి మేస్త్రీ తలలో ఉండేది, తండ్రి నుంచి కొడుక్కి చేరేది. వంకర తిరిగిన తుమ్మ కొమ్మ చూస్తే అది ఓడలో ఏ చట్రానికి సరిపోతుందో చెప్పగలిగేవారు. మన సీమలో బండి, మడక చేసిన వడ్రంగికి కూడా తుమ్మ గురించి ఈ తెలివి కొంత ఉంది. గొప్ప పద్ధతే, సందేహం లేదు. కానీ మేస్త్రీతోపాటు ఓడ కూడా కాటికి పోతుంది. కాగితం లేదు కనుక మనకు మిగిలింది తక్కువ.

మిగిల్చినవాళ్ళు బయటివాళ్ళు. ట్రింకోమలీలో బ్రిటిష్ నౌకాదళం ఓడల మేస్త్రీగా పనిచేసిన జాన్ ఎడై 1834లో అచ్చయిన వ్యాసంలో మన కోరమాండల్ తీరపు ధోనీ అనే ఓడను వర్ణించాడు. దాదాపు 70 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, చదునైన అడుగు. లోతులేని నదీముఖాల్లో ఇసుక మేటల మీదుగా వెళ్ళాల్సిన ఓడకు చదునైన అడుగే దిక్కు. ఇంకొకరు ఫ్రెంచి నౌకాదళం అధికారి ఎడ్మండ్ పారిస్. మూడుసార్లు భూమిని చుట్టివచ్చిన ఈయన, ఏ రేవులో లంగరు వేస్తే అక్కడి పడవలను కొలిచి గీసేవాడు. కోరమాండల్ తీరపు ధోనీలు, అలల మీద నడిచే కుట్టు పడవలు, తెప్పలు ఆ బొమ్మల్లో ఉన్నాయి. 1840ల మొదట్లో వాటిని పుస్తకంగా తెచ్చాడు. 1871 నుంచి 1893లో చనిపోయేదాకా పారిస్ నగరంలోని నౌకా మ్యూజియాన్ని నడిపి, తను గీసిన పడవలకు కొయ్య నమూనాలు చేయించాడు. మన సముద్రపు పడవలు కొన్ని అలా ఫ్రాన్సులో బతికాయి.

ఆవిరి ఓడలు వచ్చి తెరచాపలను మూలకు నెట్టాకే నమూనా ఓడ ఇంటి బల్ల ఎక్కింది. అంతరించిన దాని మీద మోజు ఎక్కువ కదా! అమెరికాలో మోడల్ షిప్‌వేస్ 1946లో మొదలైంది, డెన్మార్క్‌లో బిల్లింగ్ బోట్స్ 1958లో. ఇటలీ, స్పెయిన్ కంపెనీలు తర్వాత ఈ వ్యాపారాన్ని బాగా పెంచాయి. పెట్టె విప్పితే ప్లైవుడ్‌లో కోసిన అడుగు దుంగ, దానికి అడ్డంగా గాడుల్లో దిగే చట్రాలు, కట్టలు కట్టలుగా సన్నని పలకలు, గుండ్రటి కడ్డీలు, దారపు ఉండలు, ఇత్తడి ఫిరంగులు, తెరచాప గుడ్డ, బల్ల నిండా పరుచుకునే ప్లాన్లు. చట్రాలు ఒకప్పుడు రంపంతో కోసేవారు, ఇప్పుడు లేజర్‌తో కోస్తున్నారు. సూచనల పుస్తకం గురించి మంచి మాట చెప్పడం నాకు కష్టం. ఎక్కడ వివరం కావాలో అక్కడే అది మూగపోతుంది.

కష్టమంతా పలకలు కొట్టడంలోనే ఉంది. పలక చదునుగా ఉన్న వైపు వంగుతుంది కానీ అంచు వైపు వంగదు. ఓడ నడుము దగ్గర చట్రం చుట్టుకొలత ఎక్కువ, ముక్కు దగ్గర తక్కువ. నడుము దగ్గర ఇరవై పలకలు పడితే ముక్కు దగ్గర కూడా ఇరవయ్యే పట్టాలి, కాబట్టి ప్రతి పలకనూ ముక్కు వైపు సన్నగా చెక్కాలి. చెక్కకుండా బలవంతాన తిప్పితే, బంతి మీద అంటించిన కాగితపు పట్టీలా అంచు పైకి లేస్తుంది. వంచడానికి నీళ్ళలో నానబెట్టి వేడి తగిలిస్తారు. కొయ్య నారలను అతికి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం తడిలో, వేడిలో మెత్తబడుతుంది, చల్లారాక కొత్త వంపులో గట్టిపడుతుంది. చాలా కిట్లలో రెండు పొరలు ఉంటాయి. కింద ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల మెత్తటి లైమ్ కొయ్య, పైన అర మిల్లీమీటరు వాల్‌నట్. కింది పొరలో తప్పులను ఉప్పుకాగితం, పుట్టీ కప్పేస్తాయి. అందుకే కొత్తవాళ్ళు రెండు పొరల కిట్‌తో మొదలుపెట్టడం మేలు.

యాడికి ఎండ ఇక్కడ తన వాటా అడుగుతుంది. కొయ్య గాలిలోని తేమను పీల్చుకుంటూ వదులుతూ ఉంటుంది. వానాకాలంలో గాలి తేమ 80 శాతం ఉంటే కొయ్యలో నీరు 16 శాతం దాకా చేరుతుంది. మే నెలలో గాలి తేమ 20 శాతానికి దిగితే కొయ్యలో నాలుగైదు శాతమే మిగులుతుంది. ఈ తేడాకు పలక పొడవు దాదాపు మారదు, వెడల్పు మాత్రం లైమ్ లాంటి కొయ్యలో మూడు శాతం దాకా తగ్గుతుంది. ఐదు మిల్లీమీటర్ల పలకకు అది 0.15 మిల్లీమీటరు. వినడానికి ఏమీ కాదు, కానీ పలక పలకకూ మధ్య అంత సందు పడితే ఓడ మీద నల్లటి గీతలు లేస్తాయి. నిజం ఓడకు ఈ బాధ లేదు. సందుల్లో దూది కుక్కి గుగ్గిలం పట్టించి నీటిలో దింపితే పలకలు ఉబ్బి తామే బిగుసుకుంటాయి. మన బల్ల మీది ఓడ మాత్రం ఎప్పటికీ ఎండలోనే. కాబట్టి పెట్టె రాగానే విప్పి, పలకలను ఇంటి గాలికి కొన్ని వారాలు అలవాటు పడనివ్వాలి. ఎయిర్ కూలర్ ఎదురుగా కూర్చుని ఫెవికాల్ పూయడం మంచిది కాదు, కూలర్ గాలి తడిగాలి. పూర్తయ్యాక వార్నిష్, అద్దాల పెట్టె తప్పనిసరి.

తాళ్ళ విషయంలో మాత్రం యాడికిదే పైచేయి. 48వ వంతు ఓడలో ఒక మిల్లీమీటరు దారం నిజం ఓడలో 48 మిల్లీమీటర్ల మోకుకు సమానం. కిట్‌లో వచ్చే దారానికి నూగు ఎక్కువ, అది ఆ కొలతలో గడ్డి మోకులా కనిపిస్తుంది. పగ్గాలు పేనినవారికి కిటుకు తెలుసు. పోగులను ఒకవైపు పురిపెట్టి, మూడింటిని కలిపి ఎదురువైపు పురిపెడితే తాడు విడిపోదు. మగ్గాలున్న ఊళ్ళో సన్నని పోగులకు కొదవ లేదు. తేనెమైనం రాస్తే నూగు అణిగిపోతుంది.

ఇంత శ్రమపడి కట్టిన ఓడను చెరువు నిండిన ఏడాది నీళ్ళలో వదలొచ్చా? వదిలితే మొదటి గాలికే పడుతుంది, అదీ కొలత తప్పినందుకు కాదు, కొలత సరిగ్గా ఉన్నందుకు. ఓడను పక్కకు వాల్చే బలం తెరచాప వైశాల్యం, ఎత్తు రెండిటినీ గుణిస్తే వస్తుంది. 48వ వంతు ఓడలో అది 48×48×48, అంటే 1,10,592 వంతు. ఓడను తిరిగి నిలబెట్టే బలం దాని బరువు, ఆ బరువు పనిచేసే దూరం కలిస్తే వస్తుంది. బరువే 1,10,592 వంతు, దూరం మళ్ళీ 48వ వంతు. కలిపితే 53,08,416వ వంతు. అదే గాలికి చిన్న ఓడ 48 రెట్లు బలహీనం అన్నమాట. నీటిలో నడవాలంటే అడుగున లోతుగా సీసం బరువు కట్టి, తెరచాప తగ్గించాలి. నిజం ఓడలకు కూడా ఈ లెక్క తెలియని కాలంలో స్వీడన్ రాజు ఓడ ‘వాసా’ 1628లో మొదటి ప్రయాణంలోనే, కిలోమీటరున్నర కూడా దాటకుండా ఒరిగి మునిగింది. పైన బరువు ఎక్కువైంది.

నమూనాతో నిజం ఓడ సంగతి కచ్చితంగా చెప్పవచ్చని నిరూపించింది విలియం ఫ్రూడ్. ఇంగ్లండులోని టార్కీలో 1872లో ఆయన పొడవాటి నీటి కాలువ కట్టి మైనపు నమూనాలను లాగించాడు. నమూనా వేగాన్ని కొలత వర్గమూలం ప్రకారం తగ్గిస్తే అలల తీరు నిజం ఓడతో సరిపోతుంది. 48 వర్గమూలం దాదాపు 6.9, కాబట్టి తొమ్మిది నాట్ల ఓడకు నమూనా 1.3 నాట్లతో నడిస్తే చాలు. విశాఖపట్నంలో 1969లో ఏర్పడిన నౌకా విజ్ఞాన సాంకేతిక ప్రయోగశాలలో ఇందుకోసం 500 మీటర్ల కాలువ ఉంది. అజంతా చిత్రంలోని ఓడ ఆధారంగా కుట్టుపద్ధతిలో కట్టిన ‘కౌండిన్య’ 2025లో మన నౌకాదళంలో చేరింది. ప్లాను లేని ఓడ కదా, సముద్రంలో ఎలా నిలుస్తుందో తెలుసుకోవడానికి ముందుగా మద్రాసు ఐఐటీలో నమూనాను పరీక్షించారు.

ఇక కిట్ల జాబితా చూడండి. 1765లో నీటిలో దిగిన విక్టరీ, 1869 నాటి కట్టీ సార్క్, కొలంబస్ సాంటా మరియా. ఈ చివరిది ఎలా ఉండేదో ఎవరికీ తెలియదు, దాని ప్లాను లేదు, బొమ్మా లేదు. ఊహించి అమ్ముతున్నారు, జనం కొంటున్నారు. కొలతలు, వర్ణన ఉన్న మన తీరపు ధోనీ మాత్రం పేరున్న ఏ కంపెనీ జాబితాలోనూ నాకు కనపడలేదు. దీన్ని ఇటలీవాళ్ళు చేయాలని ఎదురుచూడటం తెలివితక్కువ. కోరంగి, తాళ్ళరేవు వైపు కొయ్య పడవలు కట్టిన చేతులు ఇంకా ఉన్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో నౌకానిర్మాణం చదివే విద్యార్థులు టేపు పట్టుకుని అక్కడికి వెళ్ళాలి. మేస్త్రీల నోటి లెక్కలు రాసుకోవాలి, వాటిని ఎడై, పారిస్ బొమ్మల పక్కన పెట్టి ప్లాను గీయాలి. నేమ్ బోర్డులు కోసే లేజర్ యంత్రాలు ఇప్పుడు మన జిల్లా పట్టణాల్లోనూ ఉన్నాయి, చట్రాలకు అవి చాలు. పలకలకు ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కొయ్య వాడుకోవచ్చు. ఎర్రచందనం జోలికి మాత్రం పోవద్దు, ఓడ కంటే ముందు కేసు కట్టాల్సి వస్తుంది. డెబ్బై అడుగుల ధోనీ 48వ వంతు కొలతలో పదిహేడున్నర అంగుళాల పొడవు, ఐదు అంగుళాల వెడల్పు వస్తుంది. ఏ ఇంటి బల్ల మీదైనా పడుతుంది.