ఒక్క తెర, రెండు స్పీకర్లు

హోసూరు నుంచి బెంగళూరు 40 కిలోమీటర్లే. అయినా ఊళ్లోని చంద్రచూడేశ్వరుడి తేరుకు ఒక భక్తిగీతం చేయాలన్నా, లఘుచిత్రానికి నేపథ్య సంగీతం కట్టాలన్నా అక్కడి స్టూడియోకు అద్దె కట్టి తీరాలని ఇప్పుడు లేదు. కంప్యూటరు, మైకు, రెండు స్పీకర్లు, నాలుగడుగుల బల్ల ఉంటే ఇంట్లోనే పని మొదలుపెట్టవచ్చు. ఆ బల్ల సర్దేటప్పుడే, తెర ఒకటి చాలా, రెండు కావాలా అన్న ప్రశ్న వస్తుంది. చిన్న గదిలో పాటలు చేసేవారికి కాస్త పెద్ద తెర ఒక్కటే మేలని నా అభిప్రాయం. డబ్బు మిగులుతుందని కాదు, రెండో తెర స్పీకర్ల చోటును ఆక్రమిస్తుందని.

టేపు పెట్టి కొలిస్తే సంగతి తేలిపోతుంది. 24 అంగుళాల తెర వెడల్పు దాదాపు 54 సెంటీమీటర్లు, రెండు పక్కపక్కన పెడితే 108. యమహా హెచ్ఎస్5 లాంటి చిన్న స్పీకరు ఒక్కోటి 17. అన్నీ కలిపి 142 అవుతాయి, మన బల్ల 122. ఇక స్పీకర్లు తెరల వెనక్కో గది మూలలకో పోవాల్సిందే. రెండు స్పీకర్లూ, వినేవారి తలా సమబాహు త్రిభుజంగా ఉంటేనే గొంతు నడిమధ్య నుంచీ, వాయిద్యాలు వాటి వాటి తావుల నుంచీ స్పష్టంగా వినిపిస్తాయి. మూలకు చేరిన స్పీకరు బాస్‌ను పెంచి వినిపిస్తుంది. అది పాటలోనే ఎక్కువైందనుకుని తగ్గిస్తాం, తీరా ఆ పాట కారులో పెడితే పలచగా ఉంటుంది. స్పీకర్ల కంటే ముందుకు పొడుచుకొచ్చిన తెర ధ్వనిని తిప్పికొడుతుంది కూడా. అలా తగిలి వచ్చే ధ్వని నేరుగా వచ్చేదానికంటే 34 సెంటీమీటర్లు ఎక్కువ ప్రయాణిస్తే 1 మిల్లీసెకను ఆలస్యమవుతుంది, 500 హెర్ట్‌జ్ దగ్గర రెండూ ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి. గాయకుడి గొంతు నిండుగా వినిపించడానికి కీలకమైన భాగమది! అదే 27 అంగుళాల తెర ఒక్కటే పెడితే స్పీకర్లతో కలిపి 95 సెంటీమీటర్లలో సరిపోతుంది, బల్ల చివర్లలో స్పీకర్లు మీటరు ఎడంతో కుదురుగా నిలుస్తాయి.

వందల ట్రాకులున్న పాటను ఒక్క తెరమీద ఎలా సంబాళించాలని అడిగితే, అది న్యాయమైన ప్రశ్నే. సంగీతం చేసే సాఫ్ట్‌వేర్లలో ఒకటైన ప్రోటూల్స్‌లో ఎడిట్, మిక్స్ విండోలు వేర్వేరు. ఏబుల్టన్ లైవ్ సైతం 2013లో వచ్చిన 9.1 వెర్షన్ నుంచి రెండో విండోకు వీలు కల్పించింది. అయితే 1920×1080 తెరలు రెండింటిలో ఉండేది సుమారు 41 లక్షల పిక్సెళ్లు, 2560×1440 తెర ఒక్కదానిలోనే దాదాపు 37 లక్షలు. తగ్గేది తొమ్మిదో వంతు. మిక్సర్ కావాలంటే క్యూబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఎఫ్3 నొక్కితే వచ్చేస్తుంది. నేపథ్య సంగీతం చేసేవారి అవసరం మాత్రం వేరు. స్వరం కూర్చుతున్నంతసేపూ బొమ్మ కళ్లముందు ఆడుతూనే ఉండాలి కాబట్టి వారికి రెండో తెర కావాలి. దాన్ని బల్లమీద పెట్టకుండా, ఎదుటి గోడకు, మొదటి తెరకు పైన బిగించుకుంటే స్పీకర్లను అంగుళం కూడా కదపనక్కర్లేదు.