దోషం చెప్పినవారికి పురస్కారం

వైద్యునికి సన్మానం చేయడం మన దేశాచారం. మొండివ్యాధిని కుదిర్చినవానికి, నాడి పట్టి రోగం చెప్పినవానికి, శాస్త్రం కంఠస్థం చేసినవానికి శాలువా కప్పుతాము, బిరుదునిస్తాము. అటువంటి సభలు నేను చాలా చూచినాను. ఒకటి రెండింటిలో ఆ శాలువా నా భుజం మీద కూడా పడినది. కాని మందు తారుమారు కాకుండా కాపాడినవానికి, పొట్లం మీది వ్రాతను సరిదిద్దినవానికి, ‘నావల్ల ఈ పొరపాటు జరిగినది, మీవల్ల జరుగకుండా చూచుకొనండి’ అని పదిమందిలో చెప్పినవానికి సన్మానం జరిగిన సభను ఇన్నేళ్ల వృత్తిలో నేను చూడలేదు. అమెరికా దేశంలో అటువంటి సత్కారాలు ఏటా జరుగుతున్నవి. ఆ సంగతి పాఠకుల ముందుంచడానికి, దానితోపాటు నా మనస్సులో చిరకాలంగా ఉన్న ఒక బరువును దించుకొనడానికి ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

పొరపాట్లను సేకరించిన ఫార్మసిస్టు

ఫిలడెల్ఫియా నగరంలో మైకేల్ కోహెన్ అను ఆసుపత్రి ఫార్మసిస్టు 1975లో ఒక వృత్తిపత్రికలో శీర్షిక ప్రారంభించినాడు. మందుల విషయంలో జరిగిన పొరపాట్లను తోటివారి నుండి సేకరించి, అవి ఎందుకు జరిగినవో, ఎట్లు నివారించవచ్చునో అందులో వివరించేవాడు. ఎవరిది తప్పు అని వెదకడం ఆయన పద్ధతి కాదు. తప్పుకు దారితీసిన వ్రాతను, సీసాను, పేరును వెదికేవాడు. ఆ కృషి నుండే 1994లో సురక్షిత ఔషధ వినియోగ సంస్థ ఏర్పడినది. దీనిని ఆంగ్ల అక్షరాలలో ఐ.ఎస్.ఎం.పి. అంటారు. ఈ సంస్థ 1998 నుండి ‘చీర్స్’ అను పేరుతో పురస్కారాలు ఇస్తున్నది. మందుల వాడకంలో ప్రమాదాలను తగ్గించిన వ్యక్తులను, ఆసుపత్రులను, సంస్థలను ఎంపిక చేసి గౌరవిస్తుంది. కోహెన్ మహాశయునికి 2005లో మెకార్థర్ ఫెలోషిప్ లభించినది. దానితో వచ్చే ధనం అప్పట్లో ఐదు లక్షల డాలర్లు. క్రొత్త మందు కనిపెట్టినందుకు కాక, ఉన్న మందు రోగికి సరిగా చేరేటట్లు చూచినందుకు ఆ గౌరవం దక్కినది.

అదే దేశంలో 2002 నుండి జాన్ ఐజెన్‌బర్గ్ పేరిట రోగి భద్రతకు, చికిత్స నాణ్యతకు మరొక పురస్కారం ఉన్నది. దీనికి పూర్వరంగంగా 1999లో అక్కడి వైద్యవిజ్ఞాన సంస్థ ప్రకటించిన నివేదికను చెప్పుకొనవలెను. వైద్యంలో జరిగే పొరపాట్ల వల్ల ఆ దేశపు ఆసుపత్రులలో ఏటా 44,000 నుండి 98,000 మంది మరణిస్తున్నారని ఆ నివేదిక అంచనా వేసినది. అంత సంపన్న దేశం తన లోపాన్ని తానే లెక్కగట్టి లోకానికి చెప్పినది.

ఒక సున్న తెచ్చే చేటు

ఈ పురస్కారాల వెనుకనున్న పని చూడడానికి చాలా చిన్నది. ఇన్సులిన్ మోతాదు వ్రాసేటప్పుడు ‘యూనిట్లు’ అనుటకు బదులు ఆంగ్లంలో ‘యు’ అను ఒక్క అక్షరం వ్రాయడం పూర్వపు అలవాటు. తొందరలో ఆ అక్షరం సున్నవలె కనబడి 10 యూనిట్లు 100గా చదువబడేవి. అట్లే 1 అని వ్రాసి చుక్క పెట్టి ప్రక్కన సున్న చేరిస్తే, చుక్క మాసిపోయినప్పుడు అది 10 అవుతుంది. 2004లో అమెరికా ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ ఇటువంటి సంక్షిప్త రూపాలను వాడరాదని జాబితా విధించినది. గాఢమైన పొటాషియం క్లోరైడ్ సీసాలను రోగుల వార్డులలో ఉంచరాదని 1998లోనే హెచ్చరించినది. పేర్లు దగ్గరగా ఉన్న మందులకు, వాటిలో తేడా ఉన్న అక్షరాలను పెద్దవిగా ముద్రించే పద్ధతి కూడా ఇట్లు వచ్చినదే.

మరొక ఉదాహరణ మన తెలుగువారికి సంబంధించినది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికా వెళ్లకముందు మద్రాసులో ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించినారు. అటుపిమ్మట అమెరికాలో ఆయన మార్గదర్శకత్వంలో జరిగిన పరిశోధనల ఫలమే మెథోట్రెక్సేట్ అను ఔషధం. క్యాన్సరు వైద్యానికి వచ్చిన ఆ మందును నేడు కీళ్లవాతానికి స్వల్ప మోతాదులో వారానికి ఒక్కసారి మాత్రమే ఇస్తారు. వారానికొకసారి వేసుకొనవలసిన ఆ మాత్రను పొరపాటున రోజూ వేసుకొని ప్రాణాలు పోగొట్టుకొన్నవారున్నారు. అందుచేత కంప్యూటరులో ఆ మందు నమోదు చేయగానే ‘వారానికి ఒకసారి’ అనే దానంతట అదే పడేటట్లు అమర్చవలెనని ఐ.ఎస్.ఎం.పి. 2014లో ఆసుపత్రులకు సూచించినది. మహానుభావుడొకరు జీవితమంతా శ్రమించి సాధించిన మందుకు, ఆ చిన్న కట్టుబాటు కావలి కాస్తున్నది.

నా చీటీ కథ

ఇక నా సంగతి. 1987 వర్షాకాలంలో, నేను స్వయంగా వైద్యం ప్రారంభించిన తొలి సంవత్సరాలలో, గృధ్రసీ వాతంతో బాధపడుతున్న ఒక వృద్ధ రైతు నా వద్దకు వచ్చినాడు. ముష్టి గింజలను గోమూత్రంలో నానబెట్టి, ఆవుపాలలో ఉడికించి, నేతిలో వేయించి శుద్ధి చేసి కట్టిన మాత్రలిచ్చినాను. ఉదయం ఒకటి, రాత్రి ఒకటి వేసుకొనవలెను. చీటీ మీద ‘౨ మాత్రలు, పాలతో’ అని వ్రాసినాను. గురుకులంలో తెలుగు అంకెలతోనే నా చదువు సాగినది. ఆ అలవాటు చీటీలోకి వచ్చినది. రోజుకా, పూటకా అన్నది వ్రాయలేదు. నోటితో చెప్పినాను కదా అని ధీమా.

చీటీ చదివి మందు వేసినవాడు పదో తరగతి చదివే మనుమడు. బడిలో ఆ అంకెలు నేర్పరు. నా చేతివ్రాతలో రెండు వాని కంటికి మూడువలె కనబడినది. పూటకు మూడు చొప్పున వేసినాడు. రెండవ రోజు మధ్యాహ్నానికి ముసలాయన పిక్కలు అదరసాగినవి, దవడ బిగిసినది, తలుపు చప్పుడైతే ఒళ్లంతా ఉలికిపడుతున్నది. కబురందగానే పరుగెత్తి, బండి కట్టించి పెద్దాసుపత్రికి తీసుకొనిపోయినాను. అక్కడి డాక్టరుగారికి మాత్రం ఇచ్చిన మందేమిటో, ఎంత లోపలికి పోయినదో దాచకుండా చెప్పినాను. ఆయన వెలుతురు, చప్పుడు లేని గదిలో ఉంచి చికిత్స చేసినారు. నాలుగవ రోజున రైతు ఇంటికి చేరినాడు. ఆ తరువాత చాలాకాలం బ్రదికినాడు.

ఊరిలో మాత్రం ‘మందు ఒంటికి పడలేదు’ అని చెప్పుకొన్నారు. నేను కాదనలేదు. తాను తప్పు చదివినానని ఆ బాలుడు గోడ ప్రక్కన నిలిచి ఏడ్చినాడు. ‘తప్పు చదివిన కంటిది కాదు నాయనా, వ్రాసిన చేతిది’ అని ఆ క్షణమే అనవలసినవాడను. అనలేదు. క్రొత్తగా పెట్టిన వైద్యశాల, పేరు పోతుందన్న భయం. గత సంవత్సరం అతడు మా ఇంటికి వచ్చినాడు. ఇప్పుడు ఉపాధ్యాయుడు. అప్పుడు చెప్పినాను. అతడు కొంతసేపు మాటాడలేదు. ‘ఇన్నాళ్లూ నా చదువే తప్పనుకొన్నానండీ’ అన్నాడు. నేను పొందిన శాలువాలన్నీ ఆ మాట ముందు తేలిపోయినవి.

శాస్త్రం చెప్పని మాట కాదు

ఇది పాశ్చాత్యుల నుండి క్రొత్తగా నేర్చుకొనవలసిన ధర్మమని కొందరు తలచవచ్చును. తీక్ష్ణమైన విషం కూడా యుక్తితో వాడితే ఔషధమవుతుందని, ఔషధమే యుక్తి తప్పితే విషమవుతుందని చరకాచార్యులు సూత్రస్థానం మొదటి అధ్యాయంలోనే బోధించినారు. వైద్యుడు, ద్రవ్యం, పరిచారకుడు, రోగి అని చికిత్సకు నాలుగు పాదాలు చెప్పినారు. ద్రవ్యం ఎంత శుద్ధమైనదైనా తక్కిన మూడు పాదాలలో ఒకటి కుంటుపడితే చికిత్స నడవదు. నా రైతు విషయంలో కుంటుపడినది వైద్యపాదం. వాగ్భటుడు అష్టాంగహృదయంలో ఔషధసేవనకు పది కాలాలు నిర్దేశించినాడు. భోజనానికి ముందా, మధ్యనా, తరువాతనా, ముద్దతోనా, నిద్రకు ముందా అన్నది కూడా మందులో భాగమే. నా చీటీలో ఆ భాగమే లోపించినది.

పేర్ల గందరగోళం మన వైద్యంలో మరీ ఎక్కువ. బ్రాహ్మి అంటే కొందరు నీటి సంబరేణు ఇస్తారు, కొందరు సరస్వతి ఆకు ఇస్తారు. రెండూ వేర్వేరు మొక్కలు. పునర్నవ అంటే అటికమామిడి. దానికి బదులు తెల్ల గలిజేరు అంగడికి వస్తుంది. ఇవి సహజం గనుక హాని చేయవన్న మాట నమ్మదగినది కాదు. బోస్టన్ ప్రాంతపు దుకాణాలలో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షించగా 14 వాటిలో సీసమో, పాదరసమో, పాషాణమో కనబడినదని అమెరికా వైద్యసంఘ పత్రిక 2004లో ప్రకటించినది. దానికి కోపగించుకొనడం కంటె, మన శోధన మారణ విధులు ఎక్కడ తప్పుతున్నవో చూచుకొనడం మేలు.

మన దేశంలో

మందుల దుష్ఫలితాలను నమోదు చేయడానికి భారత ప్రభుత్వం 2010లో ఔషధ నిఘా కార్యక్రమం ప్రారంభించినది. దాని జాతీయ కేంద్రం గాజియాబాదులోని భారత ఫార్మకోపియా కమిషనులో ఉన్నది. ఉచిత ఫోను సంఖ్య 1800-180-3024. ఆయుర్వేదాది మందుల కొరకు ఆయుష్ మంత్రిత్వశాఖ 2018లో ప్రత్యేక వ్యవస్థ ఏర్పరచి, ఢిల్లీలోని అఖిల భారత ఆయుర్వేద సంస్థను కేంద్రంగా చేసినది. వైద్యులే కాదు, రోగులు కూడా తెలియజేయవచ్చును. ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘హాని లేని ఔషధం’ అను ఉద్యమాన్ని 2017లో ఆరంభించినది. 2019 నుండి సెప్టెంబరు 17ను రోగి భద్రతా దినంగా పాటిస్తున్నది.

గృహస్థులు పాటించవలసినవి

1. చీటీ మీద మోతాదు అంకెతోపాటు అక్షరాలలో కూడా వ్రాయించుకొనండి. రోజుకా, పూటకా, భోజనానికి ముందా, తరువాతనా అన్నది తప్పక ఉండవలెను.

2. వైద్యుడు చెప్పినది ఆయన ఎదుటనే తిరిగి అప్పజెప్పండి. దీనికి సిగ్గుపడరాదు. నేను 1987 తరువాత అప్పజెప్పించుకొనకుండా ఎవరినీ పంపలేదు.

3. పైపూత తైలాలను, లోపలికి పుచ్చుకొనే కషాయాలను ఒకే అరలో ఉంచకండి. ఖాళీ సీసాలో మరొక మందు పోసి పాత పేరుతో ఉంచకండి.

4. విషద్రవ్యాలు చేరిన ఆయుర్వేద మందుల మీద, వైద్య పర్యవేక్షణలో వాడవలెనని హెచ్చరిక ఉండవలెనని చట్టం. అది చదివిన తరువాతనే సీసా మూత తీయండి.

5. ఇంగ్లీషు మందులు వాడుతున్నవారు ఆ సంగతి ఆయుర్వేద వైద్యునికి, మనవి వాడుతున్నవారు డాక్టరుకు చెప్పితీరవలెను. అతిమధురం ఎక్కువ దినాలు వాడితే రక్తపోటు పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది. మిరియాలు, పిప్పళ్లు చేరిన మందు మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ వంటి వాటిని రక్తంలో పెంచుతుంది. మధుమేహపు మాత్రలతో కాకర రసాదులు కలిస్తే చక్కెర మరీ పడిపోవచ్చును.

6. క్రొత్త మందు మొదలుపెట్టేటప్పుడు, మరొకటి చేర్చేటప్పుడు, మానేటప్పుడు తప్పనిసరిగా అడగండి. మొదలుపెట్టిన మందును మీ అంతట మీరే ఆపవద్దు.

విన్నపం

2025 నుండి ఆయుర్వేద దినం ప్రతి ఏటా సెప్టెంబరు 23న జరుగుతున్నది. రోగి భద్రతా దినానికి అది వారంలోపే. ఆ వారంలో జరిగే వైద్యసభలలో ఒక్క శాలువాను పక్కన ఉంచవలెనని నా విన్నపం. ఆ సంవత్సరం తన చేతి పొరపాటును నలుగురికీ చెప్పి, అది మరల జరుగకుండా ఒక మార్గం చూపినవారికి దానిని కప్పండి. వారు వైద్యులు కానక్కరలేదు. పొట్లాలు కట్టే సహాయకుడైనా, మందు వేసే నర్సైనా, చీటీ అర్థం కాక తిరిగివచ్చి అడిగిన గృహిణి అయినా సరే. తొలి శాలువాకు నేను అర్హుడను కాను. చెప్పడానికి నాకు మూడు దశాబ్దాలు దాటినది. రేపటి యువవైద్యునికి అంతకాలం పట్టకూడదు.