పాత బాకీ.. కొత్త ఇంటికి అడ్డు పడకుండా!

‘ఇంకా ఉద్యోగమే రాలేదు, ఇంటి లోన్‌ గోల ఇప్పుడెందుకండీ?’ అనుకుంటున్నారా? కారణం ఉంది. ఏడెనిమిదేళ్ల తర్వాత మీరు హోమ్‌లోన్‌కి వెళ్లినప్పుడు బ్యాంకు మేనేజరు మీ జీతం స్లిప్పు కన్నా ముందు తెరిచేది క్రెడిట్‌ రిపోర్టునే. అందులోని తొలి పేజీలు మీరు కాలేజీలో ఉండగానే నిండటం మొదలవుతాయి. ఈఎంఐలో కొన్న ఫోన్‌, ‘ఇప్పుడు కొను, తర్వాత కట్టు’ యాప్‌లో మర్చిపోయిన 900 రూపాయలు, విద్యారుణం.. అన్నీ అక్కడికే చేరతాయి. బాకీ చిన్నదే కదా అని రిపోర్టు ఊరుకోదు. ఎన్ని రోజులు ఆలస్యమైందో నెలనెలా రాసుకుంటుంది. 90 రోజులు దాటితే అది మొండిబాకీ లెక్కలోకి వెళ్తుంది.

మన దేశంలో ఈ రిపోర్టులు తయారుచేసే సంస్థలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్‌ సిబిల్‌, ఎక్స్‌పీరియన్‌, ఈక్విఫ్యాక్స్‌, క్రిఫ్‌ హైమార్క్‌. స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది. 750 పైన ఉంటే సాధారణంగా ఇబ్బంది ఉండదు. తగ్గితే లోన్‌ రాదనేమీ లేదు, వడ్డీ పెరుగుతుంది. ఎంత తేడా అంటారా? 30 లక్షలు 20 ఏళ్లకు 8.5 శాతం వడ్డీతో తీసుకుంటే నెలకు సుమారు రూ.26,035 కట్టాలి. అదే 9.5 శాతమైతే రూ.27,964. మొత్తం 20 ఏళ్లలో అదనంగా పోయేది దాదాపు 4.6 లక్షలు. కాలేజీ రోజుల్లో వదిలేసిన చిన్న బాకీకి ఇంత ఖరీదు!

ఇల్లు సరే, బ్యాంకు ఉద్యోగాలకు ప్రిపేరయ్యేవారు ఇంకాస్త జాగ్రత్తగా చదవాలి. అప్పులు, క్రెడిట్‌ కార్డు బకాయిలు ఎగ్గొట్టిన రికార్డు ఉంటే నియామకానికి అర్హులు కారనే నిబంధన స్టేట్‌ బ్యాంకు నోటిఫికేషన్లలో కనిపిస్తుంది. ఇదే కారణంతో ఆ బ్యాంకు ఒక అభ్యర్థి నియామకాన్ని రద్దు చేస్తే, 2025లో మద్రాస్‌ హైకోర్టు ఆ నిర్ణయాన్ని సమర్థించింది. బాకీలన్నీ తీర్చేశానని ఆయన చెప్పినా ఫలితం లేకపోయింది. నిబంధనలు బ్యాంకును బట్టి, ఏడాదిని బట్టి మారుతుంటాయి. కాబట్టి సిలబస్‌ చూసేటప్పుడే ఆ పేరా కూడా చూడండి.

సెటిల్‌మెంట్‌ అనే తీపి మాట

బాకీ పడ్డవారికి ఏదో ఒక రోజు ఫోన్‌ వస్తుంది. ‘18 వేలు కట్టాలి కదా, 8 వేలు ఇచ్చేయండి, క్లోజ్‌ చేసేద్దాం’ అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ అలా కడితే రిపోర్టులో ‘క్లోజ్డ్‌’ అని రాదు, ‘సెటిల్డ్‌’ అని వస్తుంది. అంటే పూర్తిగా కట్టలేదు, మిగతాది మేమే వదులుకున్నాం అని అప్పిచ్చినవాడి మాట. హోమ్‌లోన్‌ ఇచ్చే అధికారికి ఈ ఒక్క పదం చాలు, ఫైలు పక్కన పెట్టడానికి. మా సలహా ఒక్కటే: కాస్త ఆలస్యమైనా పూర్తిగా కట్టండి. ఇప్పటికే సెటిల్‌ చేసుకుని ఉంటే, అదే సంస్థను సంప్రదించి మిగతా మొత్తం కడతామని అడగండి. ఒప్పుకుంటే కట్టేసి, బాకీ లేదన్న పత్రం తీసుకుని, రిపోర్టులో మార్చమనండి. ఆ పత్రాన్ని పదేళ్లయినా పారేయొద్దు. అన్నట్టు, రికవరీ వాళ్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్‌ చేయకూడదు. ఇది రిజర్వ్‌ బ్యాంకు నిబంధన.

కొన్నిసార్లు తప్పు మనది కాదు. కట్టేసిన అప్పు ఇంకా కట్టనట్టే ఉంటుంది, లేదా ఎవరిదో అప్పు మన పాన్‌ మీద కనిపిస్తుంది. అందుకే ముందు రిపోర్టు తెప్పించుకోవాలి. నాలుగు సంస్థలూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు, ఆ భయం వద్దు. తప్పుంటే ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకు రూ.100 చొప్పున మీకు పరిహారం రావాలి. అప్పటికీ కదలకపోతే రిజర్వ్‌ బ్యాంకు అంబుడ్స్‌మన్‌ ఉన్నారు, అక్కడ ఫిర్యాదుకు ఫీజు లేదు.

మరక పడ్డాక లోన్‌ ఎలా?

కాలమే పెద్ద మందు. సిబిల్‌ రిపోర్టులో గత 36 నెలల చెల్లింపుల తీరు కనిపిస్తుంది. కాబట్టి బాకీ తీర్చాక రెండు మూడేళ్లు ఒక్క వాయిదా కూడా తప్పకుండా కడితే పరిస్థితి మారుతుంది. కార్డు ఇవ్వట్లేదా? చిన్న ఫిక్స్‌డ్‌ డిపాజిట్‌ వేసి దాని మీద కార్డు తీసుకోవచ్చు. నెలకోసారి పెట్రోలుకో రీఛార్జికో వాడి, గడువులోగా మొత్తం కట్టేస్తే చాలు. కనీస మొత్తం మాత్రమే కట్టే అలవాటు చేసుకోవద్దు.

దరఖాస్తు సమయంలో చాలామంది ఒకేసారి ఐదారు బ్యాంకులకు పెట్టేస్తారు. ప్రతి విచారణా రిపోర్టులో నమోదై, ‘ఈయనకు అప్పు చాలా అవసరంలా ఉంది’ అన్న సంకేతమిస్తుంది. ముందు జీతం ఖాతా ఉన్న బ్యాంకులోనే నోటిమాటగా అడిగి చూడండి. పాత బాకీ గురించి దాచకుండా, ఎందుకు ఆగిందో, ఎప్పుడు తీర్చారో కాగితం మీద రాసి, పత్రంతో సహా ఇవ్వండి. మంచి స్కోరున్న జీవిత భాగస్వామి లేదా తల్లిదండ్రులు సహ దరఖాస్తుదారుగా ఉంటే బలం. రూ.30 లక్షల్లోపు లోన్‌కి ఇంటి విలువలో 90 శాతం వరకు ఇవ్వొచ్చన్నది నిబంధన. మరకున్నవారు 10 శాతంతో సరిపెట్టుకోకుండా 25, 30 శాతం చేతి నుంచి పెడితే బ్యాంకు మెత్తబడే అవకాశం ఎక్కువ. హౌసింగ్‌ ఫైనాన్స్‌ కంపెనీలు తక్కువ స్కోరుకీ ఇస్తాయి గానీ వడ్డీ ఎక్కువ. ఫ్లోటింగ్‌ వడ్డీ లోన్‌ను వ్యక్తులు ముందే తీర్చినా పెనాల్టీ ఉండదు కాబట్టి, స్కోరు మెరుగయ్యాక వేరే బ్యాంకుకు మార్చుకోవచ్చు.

అసలు అప్పే తీసుకోనివారి సంగతి వేరు. చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తొలి దరఖాస్తును తిరస్కరించొద్దని రిజర్వ్‌ బ్యాంకు చెప్పింది.

ఇక విద్యారుణం. సాధారణంగా కోర్సు ముగిశాక ఏడాది గడువుంటుంది. ఉద్యోగం వచ్చినా రాకపోయినా ఆ తర్వాత ఈఎంఐ మొదలవుతుంది. ఇందులో సహ రుణగ్రహీత నాన్నో అమ్మో కాబట్టి, వాయిదా తప్పితే వాళ్ల రిపోర్టు కూడా దెబ్బతింటుంది. రేపు ఊళ్లో వాళ్లు లోన్‌కి వెళ్తే అక్కడా అడ్డమే. ఉద్యోగం రాలేదంటే మొదటి వాయిదా తప్పకముందే బ్రాంచికి వెళ్లి, గడువు పెంచమని రాతపూర్వకంగా అడగండి, పరిశీలించే వీలుంది. హాస్టల్‌ ఖాళీ చేసేటప్పుడు కొత్త చిరునామా, ఫోన్‌ నంబరు కూడా అక్కడ ఇచ్చి రండి. నోటీసులు పాత అడ్రస్‌కే పోతుంటాయి మరి!