ఊరగాయ ఓడ, తామరపువ్వు ఓడ



నేను బడిలో పనిచేసిన రోజులలో, ఒక ఏడు ఆరవ తరగతిలోకి ఒక పిల్లవాడు కొత్తగా వచ్చి చేరాడు. హాజరు పట్టీ తీసి వాడి పేరు పిలిచేసరికి తరగతి అంతా గొల్లుమన్నది. ఆ పేరు ఇక్కడ రాయను. పుట్టిన బిడ్డలు దక్కని ఇళ్ళలో, తరువాత పుట్టిన బిడ్డను చేటలో వేసి పెంటకుప్ప మీద పడుకోబెట్టి, పెంటయ్య అనో పుల్లయ్య అనో పేరు పెట్టడం మన పల్లెలలో ఉన్న వాడుకే. ఇంత తక్కువ పేరు గల బిడ్డను మృత్యువు కూడా ముట్టుకోదని ఆ తల్లి ఆశ. వాడిదీ అటువంటి పేరే. వాడు తల వంచుకుని, "హాజరండీ" అన్నాడు. ఆ మాట నాకే సరిగా వినిపించలేదు.

బెత్తం తీస్తే నవ్వు ఆగుతుంది గాని, నా వెనుక మళ్ళీ మొదలవుతుంది. అందుచేత ఆ పూట లెక్కలు పక్కన పెట్టి, యుద్ధనౌకల పేర్లు చెప్పాను. అవే మీకూ చెబుతాను.

యుద్ధనౌకకు ఎటువంటి పేరు ఉంటుందని మీరనుకుంటారు? మన నౌకాదళంలో విక్రాంత్, విక్రమాదిత్య ఉన్నాయి. వింటేనే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. బ్రిటిషువారి ఓడలలోనూ విక్టరీ, అంటే విజయం, డ్రెడ్‌నాట్, అంటే భయమెరుగనిది, ఇటువంటి పేర్లు చాలా ఉండేవి. అయితే వాటి పక్కనే పికిల్ అనే ఓడ కూడా ఉండేది. పికిల్ అంటే మీకు తెలుసు కదా? ఊరగాయ!

ఈ ఊరగాయ ఓడ చాలా చిన్నది. రెండు తెరచాప స్తంభాలు, కొద్దిపాటి ఫిరంగులు, నలభైమంది నావికులు, అంతే. 1805 వ సంవత్సరం అక్టోబరు 21 వ తేదీన ట్రఫాల్గర్ అనే చోట ఇంగ్లండు నౌకాదళానికీ, ఫ్రాన్సు, స్పెయిను దేశాల ఓడలకూ గొప్ప యుద్ధం జరిగింది. మూడేసి అంతస్తుల ఫిరంగులున్న మహానౌకల మధ్యకు ఊరగాయ వెళ్ళి ఏం చేస్తుంది? దూరంగా నిలబడి చూసింది. కాని అషీల్ అనే ఫ్రెంచి నౌక నిప్పంటుకుని తగలబడిపోతూ ఉంటే, నీళ్ళలోకి దూకిన శత్రునావికులను పైకి లాగినవారిలో పికిల్ వారు కూడా ఉన్నారు.

యుద్ధంలో ఇంగ్లండు గెలిచింది. అయితే సేనాని నెల్సన్ తుపాకిగుండు తగిలి చనిపోయాడు. ఈ రెండు వార్తలూ లండను చేరాలి. అప్పటికి తంతి లేదు, టెలిఫోను లేదు. పెద్ద నౌకలు స్తంభాలు విరిగి, చిల్లులు పడి ఉన్నాయి. నెల్సన్ తరువాతివాడైన కాలింగ్‌వుడ్, పికిల్ అధికారి లాపెనోటియేర్‌ను పిలిచి, ఉత్తరాలు ఇచ్చి, బయలుదేరమన్నాడు.

అక్టోబరు 26 న పికిల్ తెరచాపలెత్తింది. దారిలో తుపాను పట్టుకున్నది. ఓడలోకి నీళ్ళు రాసాగాయి. బరువు తగ్గించటానికి నాలుగు ఫిరంగులు తీసి సముద్రంలో పారేశారు. యుద్ధనౌక తన ఫిరంగులను తానే పారేసుకోవడమంటే, రైతు విత్తనపు గింజలు వండుకుని తిన్నట్టే! అయినా ఓడ నిలిచింది. నవంబరు 4 న ఇంగ్లండులో ఫాల్మత్ రేవు చేరింది.

అక్కడినుంచి లండను సుమారు 270 మైళ్ళు. లాపెనోటియేర్ గుర్రబ్బండి ఎక్కాడు. దారిలో 21 సార్లు గుర్రాలను మార్చాడు. మామూలుగా వారం పట్టే ప్రయాణాన్ని సుమారు 38 గంటలలో ముగించి, నవంబరు 6 వ తేదీ అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకు, మంచు కమ్మిన లండనులో నౌకాశాఖ కార్యాలయం తలుపు తట్టాడు. బండి ఖర్చు 46 పౌన్ల 19 షిల్లింగుల 1 పెన్నీ అయిందని లెక్క రాసి ఇచ్చాడు కూడా. ఆ ఒక్క పెన్నీ కూడా వదలకుండా రాశాడు చూడండి! లెక్కల మాష్టారిని గనుక నాకది బాగా నచ్చింది. దేశానికి ఆ మహావిజయం సంగతి తెచ్చినది విక్టరీ కాదు, ఊరగాయే.

ఇక రెండవ పేరు వినండి. జూబియన్! ఏ నిఘంటువు తిరగవేసినా ఈ మాటకు అర్థం దొరకదు. ఎందుకంటే ఇది సంధిపదం.

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిషువారికి జూలూ అని ఒక ఓడ, నూబియన్ అని ఒక ఓడ ఉండేవి. రెండూ ఆఫ్రికాలోని జాతుల పేర్లే. 1916 వ సంవత్సరం అక్టోబరు చివర జర్మనుల టార్పెడో తగిలి నూబియన్‌కు ముందుభాగం పోయింది. నవంబరు 8 న సముద్రంలో దాచిన మందుపాతర పేలి జూలూకు వెనుకభాగం పోయింది. ఒకదానికి తల లేదు, ఒకదానికి తోక లేదు. ఏం చేయాలి?

జరాసంధుడి కథ మీ తాతగారిని అడగండి, చెబుతారు. రెండు ముక్కలుగా పుట్టిన శిశువును జర అనే రాక్షసి ఒకటిగా అతికితే బతికాడు. అందుకే ఆ పేరు. చాటం అనే ఊళ్ళో ఓడలు బాగుచేసేచోట సరిగా అదే చేశారు. జూలూ ముందుభాగం, నూబియన్ వెనుకభాగం తెచ్చి కలిపారు. రెండు ఓడల వెడల్పులోనూ మూడు అంగుళాలకు పైగా తేడా ఉన్నది. అయినా సరిచేసి అతికారు. పేరును కూడా అట్లాగే, జూలూ ముందుభాగమూ, నూబియన్ వెనుకభాగమూ తీసుకుని జూబియన్ చేశారు! ఈ సంధికి మన వ్యాకరణంలో సూత్రం లేదు. 1917 జూనులో ఆ అతుకుల ఓడ సముద్రం మీదికి వెళ్ళింది. యుద్ధం ముగిసేదాకా పని చేసింది.

ఆ రోజులలోనే నదులలో తిరగటానికి పన్నెండు చిన్న ఓడలు కట్టి, వాటికి పురుగుల పేర్లు పెట్టారు. తేనెటీగ, కీచురాయి, మిణుగురు అంటే బాగానే ఉన్నది. కాని ఒకదాని పేరు స్కారబ్, అంటే పేడపురుగు! ఇంకొకదాని పేరు ఏఫిస్, అంటే చిక్కుడుపాదును పీల్చి చంపే పేనుబంక! నాలుగడుగుల నీళ్ళున్నా ఈ ఓడలు తేలేవి. వీటిలో లేడీబర్డ్, అంటే అక్షింతల పురుగు, 1941 మే నెలలో ఆఫ్రికా తీరాన టోబ్రుక్ రేవులో బాంబులు తగిలి మునిగింది. మునిగిందంటే పూర్తిగా కాదు. లోతు తక్కువ కావటంచేత నిటారుగా అడుగుకు ఆనుకుని, పైభాగం నీటిపైన నిలిచింది. దాని మీద ఫిరంగిని తరువాత కూడా శత్రువిమానాలను కొట్టటానికి వాడుకున్నారు.

పురుగులు అయిన తరువాత పువ్వులు. రెండవ ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండుకు తిండి, నూనె, మందుగుండు అన్నీ సముద్రం మీదనే రావాలి. జర్మనుల జలాంతర్గాములు ఆ సరుకుల ఓడలను ముంచుతున్నాయి. కాపలాకు చాలా ఓడలు కావాలి, త్వరగా కావాలి, చవకగా కావాలి. అప్పుడు తిమింగలాలను వేటాడే ఓడ నమూనా తీసుకుని, 205 అడుగుల పొడవుగల చిన్న కాపలా ఓడలు కట్టారు. బ్రిటను, కెనడాలలో కలిపి 250 కి పైగా కట్టారు. బ్రిటిషువారు తమవాటికి పువ్వుల పేర్లు పెట్టారు. మారిగోల్డ్, అంటే బంతి. సన్‌ఫ్లవర్, అంటే పొద్దుతిరుగుడు. జాస్మిన్, అంటే మల్లె. హైబిస్కస్, అంటే మందారం. శత్రువు మీదికి పూలతోట కదిలి వెళ్ళిందన్నమాట!

తోటలో ఉన్నంత హాయి మాత్రం వాటి మీద లేదు. చిన్న ఓడ, అట్లాంటిక్ అలలు. నావికులు పడుకుంటే దొర్లిపోయేవారు, అన్నం తినబోతే పళ్ళెం జారిపోయేది. జలాంతర్గామి నీటి పైకి వచ్చి పరుగెత్తితే, ఈ ఓడకంటే దానిదే వేగం. కాని అది నీటి అడుగున దాగినప్పుడు, నీళ్ళలోకి శబ్దం పంపి, దానికి తగిలి తిరిగివచ్చే ప్రతిధ్వనిని బట్టి అదెక్కడ ఉన్నదో కనిపెట్టే యంత్రం ఈ పూల ఓడలలో ఉండేది. కనిపెట్టి, నీటిలో లోతుకు దిగాక పేలే బాంబులు వదిలేవారు. మొదటగా నీటిలోకి దిగిన గ్లాడియోలస్ 1941 అక్టోబరులో అట్లాంటిక్ మధ్య మునిగింది. ఒక్క నావికుడూ ఇంటికి రాలేదు.

వీటిలో లోటస్ అనే ఓడ ఉండేది. లోటస్ అంటే తామర. 1942 జూన్ చివర ఐస్‌లాండు నుంచి రష్యాకు సుమారు 35 సరుకుల ఓడలు బయలుదేరాయి. దారి ఉత్తర ధ్రువం పక్కగా. జులై నెలలో అక్కడ సూర్యుడు అస్తమించడు గనుక, దాగటానికి చీకటి లేదు. జులై 4 న, జర్మనుల మహానౌక టిర్పిట్జ్ వస్తున్నదన్న భయంతో, ఎవరిదారిన వారు చెదిరిపొమ్మని లండను నుంచి ఆజ్ఞ వచ్చింది. తల్లికోడి లేని పిల్లలమీద గద్దలు పడ్డట్టు, విమానాలూ జలాంతర్గాములూ ఆ ఓడలమీద పడ్డాయి. 24 ఓడలు మునిగిపోయాయి.

లోటస్ అప్పటికే ముందుకు వెళ్ళిపోతున్నది. వెనుక మునిగిపోతున్న ఓడ కేక రేడియోలో వినిపించింది. తామరాకుకు నీరంటదని మన పెద్దలంటారు. ఈ తామర మాత్రం అంటీ అంటనట్టు ఉండలేకపోయింది. విమానాలు తిరుగుతున్న చోటికే మళ్ళీ వెనక్కి తిరిగింది. పాన్ క్రాఫ్ట్ అనే అమెరికా ఓడవారిని ఎక్కించుకున్నది. తరువాత, మునిగిన రివర్ ఆఫ్టన్ అనే ఓడవారు మంచునీళ్ళలో తెప్పలమీద కనిపించారు. వాళ్ళనూ ఎక్కించుకున్నది. ఆ సరుకుల ఓడలన్నిటికీ పెద్ద అయిన కమొడోర్ డౌడింగ్ వారిలో ఒకడు. ఇంకొంతసేపు ఆలస్యమైతే వారిలో ఎందరు మిగిలేవారో! లోటస్ వారందరితోనూ క్షేమంగా రష్యా చేరింది.

ఈ పూలలో నాలుగు మన దేశపు నౌకాదళానికి కూడా వచ్చాయి. ఇక్కడ వాటికి అస్సాం, సింధు, మరాఠా, గోండ్వానా అని పేర్లు మార్చారు. మరాఠా అసలు పేరు చార్లాక్, అంటే అడవి ఆవమొక్క. ఇప్పుడు ఈ తరగతి ఓడలలో మిగిలినది కెనడాలోని హాలిఫాక్స్ రేవులో ఉన్న సాక్‌విల్ ఒకటే. కెనడావారు తమ ఓడలకు ఊళ్ళ పేర్లు పెట్టుకున్నారు గనుక, మిగిలిన ఒక్కదానికీ పువ్వు పేరు లేదు.

ఆనాడు ఇవన్నీ చెప్పేసరికి బడిగంట కొట్టారు. పిల్లలు "పేడపురుగు, పేనుబంక" అని అరుచుకుంటూ పరుగెత్తారు. కొత్త పిల్లవాడు మాత్రం పలక సర్దుకుంటూ ఆగాడు.

"మాష్టారూ! ఆ ఊరగాయ ఓడ అంత పని చేసింది కదా, తరువాత దాని పేరు మార్చారాండీ?" అని అడిగాడు.

మార్చలేదని చెప్పాను. 1808 జులైలో స్పెయిను తీరాన కాడిజ్ దగ్గర అది నీటిలోని రాతిమేటకు తగిలి పగిలిపోయింది. అప్పటికీ దాని పేరు పికిలే. నావికులందరూ బతికి బయటపడ్డారు. ఆ తరువాత వేరే ఓడలకు కూడా బ్రిటిషువారు కావాలని అదే పేరు పెట్టారు. 1943 లో మందుపాతరలు ఏరివేయటానికి కట్టిన ఓడ పేరు కూడా పికిలే. నేటికీ ప్రతి నవంబరులో ఆ నౌకాదళంవారు ఆ చిన్న ఓడను తలుచుకుంటూ విందు చేసుకుంటారు. ఆ విందుకు పికిల్ రాత్రి అని పేరు.

వాడు కాసేపు ఆలోచించి, "విందులో ఊరగాయ వేస్తారాండీ?" అన్నాడు.