పసిబిడ్డల కంట నీరు: అశ్రునాళ అవరోధం – ఒక పరిచయం

'కన్నీరు' అనగానే సాహిత్య విద్యార్థికి దుఃఖమో ఆనందబాష్పమో స్ఫురిస్తుంది. అయితే ఏ భావంతోనూ నిమిత్తం లేకుండా, ఏడవకుండానే, పుట్టిన కొద్ది వారాలకే పసిబిడ్డ కంటి నుండి ఎడతెగక నీరు కారడం మన ఇళ్లలో తరచుగా కనిపించేదే. నిద్ర లేచేసరికి రెప్పలు పుసి కట్టి అంటుకొని ఉంటాయి. కన్ను మాత్రం అంతగా ఎర్రబడదు. పెద్దలు దీనిని కళ్ళకలక అంటారు, దిష్టి అంటారు, వేడి చేసిందంటారు. చాలా సందర్భాలలో ఇది ఈ మూడింటిలో ఏదీ కాదు.

కన్నీరు ఊరే చోటు వేరు, పోయే చోటు వేరు. కంటికి పైన, బయటి వైపున ఉన్న అశ్రుగ్రంథిలో ఊరిన నీరు కంటిని తడిపి ముక్కు వైపు మూలకు చేరుతుంది. అక్కడ పై రెప్పకూ కింది రెప్పకూ అంచున సూదిమొనంత రంధ్రం ఒక్కొక్కటి ఉంటుంది. వాటి గుండా అశ్రుకోశంలోకి, అక్కడి నుండి అశ్రునాళం ద్వారా ముక్కులోకి నీరు దిగుతుంది. ఏడ్చినప్పుడు ముక్కు కారడానికి కారణమిదే. గర్భస్థ దశలో ఈ నాళం మొదట కణాలు కూరుకొన్న తీగలా ఉండి, క్రమంగా లోపల బోలుగా మారుతుంది. ముక్కులోకి తెరుచుకొనే కింది కొన చిట్టచివరిది. అక్కడ పలుచని పొర మిగిలిపోతే నీటికి దారి ఉండదు. ఏరు పొంగడం కాదిది, కాలువ పూడడం. నిలిచిన నీటిలో సూక్ష్మజీవులు పెరగడం వల్ల పుసి పడుతుంది.

సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం కంటి సంధుల్లో పుట్టే రోగాలలో 'పూయాలసం' అనేదాన్ని పేర్కొన్నది. కంటి మూల వాచి చీము స్రవించే ఆ స్థితిని నేటి వ్యాఖ్యాతలు అశ్రుకోశానికి చీము పట్టడంతో పోలుస్తారు. అంటే కంటి మూలను ప్రత్యేకంగా పరిశీలించడం మన వైద్య వాఙ్మయానికి కొత్త కాదు. వాడుకలో మాత్రం ఆ విచక్షణ నిలవలేదు. అన్నీ కలకలే అయ్యాయి.

ఈ పేరు తారుమారు కావడం వల్ల నష్టముంది. కలక అనుకొని చుక్కల మందు మళ్లీ మళ్లీ వేస్తారు. అది పుసిని తగ్గిస్తుందే కాని పొరను తెరవదు. కంట్లో చనుబాలు పిండడమూ అంతే. ఇక కాటుక: ఆముదపు దీపపు మసితో ఇంట్లో పట్టినదైనా శిశువు కంటికి అక్కరలేదు. అంగట్లో అమ్మే కొన్ని కాటుకలలో, సుర్మాలలో సీసం ఉన్నట్లు పరీక్షలలో తేలింది.

నవజాత శిశువులలో సుమారు 5 నుండి 20 శాతం మందికి ఈ అవరోధం ఉంటుందని అంచనా. వారిలో దాదాపు 90 శాతం మందికి ఏడాదిలోపు నాళం దానంతటదే తెరుచుకొంటుంది. దానికి తోడ్పడేది మర్దన. అమెరికన్ వైద్యుడు క్రిగ్లర్ 1923లో దీనిని వివరించాడు. గోరు తీసి, చేతులు కడుక్కొని, చూపుడువేలిని కంటి లోపలి మూల వద్ద ముక్కు ఎముకకు ఆనించి, కొంత గట్టిగా అదిమి కిందికి జార్చాలి. రోజుకు మూడు నాలుగు పర్యాయాలు, ప్రతిసారీ ఐదు నుండి పది మార్లు. చాలామంది తల్లులు బిడ్డకు నొప్పి కలుగుతుందేమోనని చర్మాన్ని నిమిరి వదిలేస్తారు. కోశంలోని నీటిపై ఒత్తిడి పడి, ఆ ఒత్తిడి కింది పొరను చీల్చాలన్నదే ఇక్కడి సూత్రం. నిమిరితే అది జరగదు. వైద్యుని ఎదుట ఒకసారి చేసి చూపించడం మంచిది.

ఏడాది దాటినా తగ్గకపోతే, సాధారణంగా మత్తు ఇచ్చి, రెప్ప అంచు రంధ్రం గుండా సన్నని లోహపు కడ్డీని నాళంలోకి పంపి పొరను తెరుస్తారు. కొద్ది నిమిషాల పని. ఎక్కువమందికి ఒక్కసారితో సరిపోతుంది.

అయితే ఏడాది ఆగడం అందరికీ వర్తించదు. పుట్టుకతోనే కంటి మూల కింద నీలిరంగు ఉబ్బు ఉంటే, అది ముక్కులోకి పెరిగి శ్వాసకు అడ్డుపడవచ్చు. మూల ఎర్రగా వాచి జ్వరం వస్తే వెంటనే చికిత్స కావాలి. నీరు కారడంతోపాటు బిడ్డ వెలుతురు చూడలేక కళ్ళు మూసుకొంటున్నా, నల్లగుడ్డు పెద్దదిగానో మసకగానో కనిపిస్తున్నా అది పుట్టుకతో వచ్చే నీటికాసుల వ్యాధి కావచ్చు. ఆ బిడ్డను ఆలస్యం లేకుండా కంటి వైద్యునికి చూపాలి. అశ్రునాళమే కదా అని ఎదురుచూస్తే పోయిన చూపు తిరిగి రాదు.